టీవీ కట్టేయమంటే సరిపోతుందా?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం అనుబంధంలో టీవీ ముందు భోజనం మానుకోమంటూ అర పేజీ వేశారు. అందులో సగం ఫొటోకే పోయింది. మానమన్నారు సరే, ఎందుకో పైపైన చెప్పి వదిలేశారు, ఎలాగో అసలే చెప్పలేదు. ఈ మాత్రం దానికి నిపుణులెందుకు? ప్రతి ఇంట్లో పెద్దవాళ్లు రోజూ అరుస్తున్నదే కదా!

కడుపు నిండిందన్న కబురు మెదడుకి చేరడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది. కళ్లు తెరకి అప్పగించి 8 నిమిషాల్లో కంచం ఖాళీ చేసేవాళ్లకి ఆ కబురు అందేలోపు మారు వడ్డన కూడా అయిపోతుంది. అసలు చిక్కు ఆ తర్వాత. ఎంత తిన్నామో మనసుకి పట్టదు, కాబట్టి మళ్లీ త్వరగా చెయ్యి డబ్బాలోకి పోతుంది. ఈ అంశం మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి 2013లో పరిశీలిస్తే, పరధ్యానంగా తిన్నవాళ్లు ఆ పూట కొంత ఎక్కువ తింటే, తర్వాత తినేది ఇంకా పెరిగిందని తేలింది. వ్యాసంలో ఈ ఊసే లేదు.

ఇక పసిపిల్లలు. బొమ్మలు చూపిస్తుంటే నోరు తెరుస్తారు గానీ నమలరు, ముద్ద బుగ్గనే ఉండిపోతుంది. అప్పుడే తెర మీద నవ్వొచ్చేది ఏదో వస్తుంది. నవ్వుతూ ఊపిరి లోపలికి లాగితే ఆ ముద్ద కాస్తా గొంతుకు అడ్డం పడుతుంది.

మాన్పించాలంటే ముందు ఒక్క పూట పట్టుకోవాలి, అదీ ఆకలి బాగా వేసే పూట. అంతకు గంటన్నర ముందు నుంచి పాలు, చిరుతిళ్లు బంద్. టీవీ కంచం పెట్టాక కాదు, పెట్టకముందే ఆపాలి. మధ్యలో కట్టేస్తే ఏడుపు తప్ప ఇంకేం మిగలదు. కొంచెమే వడ్డించి, అడిగితే మళ్లీ పెట్టాలి. అరగంట దాటితే బతిమాలకుండా, తిట్టకుండా కంచం తీసేయాలి. మొదటి మూడు నాలుగు రోజులు సరిగ్గా తినరు. అందరూ ఓడిపోయేది ఇక్కడే: రెండో రోజుకే ‘బిడ్డ చిక్కిపోయింది’ అంటూ ఎవరో ఒకరు రిమోట్ చేతికిస్తారు. పక్కనే నాన్నగారు ఫోన్ చూస్తూ తింటుంటే ఇదంతా దండగ, అది వేరే సంగతి.

అధికారుల తెలివి గురించి ఎంత చెప్పినా తక్కువే. ఊబకాయం మీద హెచ్చరిక వేసేది టీవీలోనే, అదీ సరిగ్గా రాత్రి భోజనాల వేళకి, ముందో చిప్స్ ప్రకటన, వెనకో కూల్‌డ్రింక్ ప్రకటన! రెండేళ్ల లోపు పిల్లలకి తెర అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. టీకాలకి వచ్చే తల్లులకి ఆ రెండు ముక్కలు చెప్పే నాథుడు లేడు. పైగా వాళ్లు కూర్చునే హాల్లోనే గోడకి టీవీ.

మీరేం తక్కువ తినలేదు. అదే అనుబంధం చివరి పేజీలో ‘రాత్రి 8 గంటలకు తప్పక చూడండి’ అని పెద్దక్షరాల్లో వేశారు. ఆ వేళకి జనం ఏం చేస్తుంటారనుకున్నారు?

ఇట్లు,
ఒక పాఠకురాలు