దాతల డబ్బుకు ఇన్ని షరతులా?

సంపాదకుడి గారికి,

పూర్వ విద్యార్థులు తమ ఇంజినీరింగ్ కాలేజీకి ఆడిటోరియం కట్టించారనో, కొత్త బ్లాకు ప్రారంభించారనో వార్త వస్తే ఆసక్తిగా చదువుతాను. నేనూ ఒక కాలేజీ పాత విద్యార్థినే. మా సంఘం స్కాలర్‌షిప్ కమిటీలో నాలుగేళ్లుగా ఉన్నాను. అక్కడ చూసిందే రాస్తున్నాను.

ఒక సీనియర్ గారు తన తండ్రి పేరు మీద స్కాలర్‌షిప్ పెట్టారు. మెకానికల్ వాళ్లకే ఇవ్వాలి. ఎనభై శాతం మార్కులు రావాలి, ఒక్క బ్యాక్‌లాగ్ (తప్పి మిగిలిపోయిన పేపరు) కూడా ఉండకూడదు, ఇంకెక్కడి నుంచీ సాయం అందుతూ ఉండకూడదు. రెండేళ్లు వరసగా అన్నీ కుదిరినవాళ్లు దొరకలేదు, డబ్బు బ్యాంకులోనే ఉండిపోయింది. ఆ రెండో ఏడు ఒకమ్మాయి ఇంటర్వ్యూకి వచ్చింది. ల్యాప్‌టాప్ మడత దగ్గర విరిగిపోతే వెనక లావుపాటి పుస్తకం ఆనించి నిలబెట్టింది. తను గీసిన గేర్‌బాక్స్‌ను అటూ ఇటూ తిప్పి చూపించబోతే స్క్రీన్ బిగుసుకుపోయేది. "ఒక్క నిమిషం సార్" అంటూ తనే నవ్వేసేది. సాయంత్రాలు ట్యూషన్లు చెప్పుకుంటూ చదువుతోంది, లెక్కల పేపరొకటి పోయింది. ఆ ఒక్క పేపరుతో ఫైలు పక్కకెళ్లిపోయింది. సంతకం పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇంజినీరింగ్‌లో ఖర్చు ఫీజుతో ఆగదు. రేపు ప్రాజెక్టు డెమో అనగా ఈ రాత్రి మోటారును నడిపే సర్క్యూట్ బోర్డు కాలిపోతుంది. వేరే ఊళ్లో ఇంటర్న్‌షిప్ వస్తే మొదటి స్టైపెండ్ కంటే ముందే గది అడ్వాన్సు కట్టాలి. చిన్న మొత్తాలే, కానీ ఆ వారంలోనే కావాలి. ఏడాదికోసారి, పది కాగితాలు జత చేస్తే వచ్చే స్కాలర్‌షిప్ వీటికి అందదు. అందినా స్టేజీ ఎక్కించి, అట్టముక్క చెక్కు చేతికిచ్చి ఫొటో తీస్తారు. ఆ ఫొటో తన క్లాసు గ్రూపులో తిరుగుతుందని ఆ కుర్రాడికి ఎంత టెన్షన్ ఉంటుందో ఎవరూ అడగరు.

అమెరికా వ్యాపారవేత్త మైఖేల్ బ్లూమ్‌బర్గ్ 1964లో అక్కడి జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ పూర్తి చేశారు. మరుసటి ఏడాది కాలేజీకి ఆయన ఇచ్చింది 5 డాలర్లు. 2018లో ఇచ్చింది 180 కోట్ల డాలర్లు, అదీ భవనాలకు కాదు, విద్యార్థుల ఆర్థిక సాయానికి. "బాగా సెటిలయ్యాక ఇద్దాంలే" అనే మా బ్యాచ్ వాళ్లకు నేను రెండో అంకె చెప్పను, మొదటిదే చెబుతాను.

న్యూయార్క్‌లోని కూపర్ యూనియన్ కథ ఇందుకు తలకిందులు. పీటర్ కూపర్ అనే ఆవిష్కర్త 1859లో పెట్టిన ఈ కాలేజీలో శతాబ్దానికి పైగా ఫీజు లేకుండా ఇంజినీరింగ్ చెప్పారు. 2006లో 17.5 కోట్ల డాలర్ల అప్పు తెచ్చి కొత్త భవనం తలపెట్టారు. ఆదాయానికీ ఖర్చుకీ పొంతన కుదరక చివరికి 2014లో చేరినవాళ్ల దగ్గర ఫీజు తీసుకోవడం మొదలుపెట్టారు. మళ్లీ పూర్తి ఉచితం చేయడానికి 2018లో పదేళ్ల ప్రణాళిక వేసుకోవాల్సి వచ్చింది. అప్పు ఒక్కటే కారణం కాకపోవచ్చు గానీ, అద్దాల భవనం చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

మూలనిధి, అంటే అసలు కదపకుండా రాబడి మాత్రమే వాడే నిధి, వద్దని అనను. కానీ మూలనిధి నుంచి సాధారణంగా ఏడాదికి నాలుగైదు శాతమే తీసి వాడతారు, అంటే వంద ఇస్తే ఈ ఏడు విద్యార్థికి చేరేది నాలుగో ఐదో. అందుకే కొంత డబ్బు ఏ షరతూ లేకుండా, ఈ ఏడే ఖర్చయ్యేలా డిపార్ట్‌మెంటు చేతికి ఇవ్వాలి. వారంలోపు అవునో కాదో తేల్చాలి. ఎంత వచ్చింది, ఎంత ఖర్చు కాకుండా మిగిలింది అన్న లెక్క కాలేజీ ఏటా దాతలకు పంపాలి. ఖర్చయిన దాని గురించి అందరూ చెబుతారు, మిగిలిన దాని గురించే ఎవరూ చెప్పరు.

ఆ సీనియర్ గారికి ఈ మధ్య ఉత్తరం రాశాను, బ్యాక్‌లాగ్ షరతు కాస్త సడలించమని. "ఆ షరతు నేను పెట్టలేదే! తీసేయండి" అని ఆ రోజే జవాబిచ్చారు. ఆరా తీస్తే, ఆఫీసులో ఎవరో పాత ఫారం చూసి టైపు చేశారట. అప్పటికి ఆ అమ్మాయి చివరి సెమిస్టర్ పరీక్షలు కూడా అయిపోయాయి.

ఇట్లు,
ఒక పూర్వ విద్యార్థి