రోజుకి 14 గంటలు దొరకని పిల్లలకీ ఒక ప్లాను వెయ్యండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ చదువుల పేజీలో పీజీ ఎంట్రన్సులకి ఎలా చదవాలో చెబుతూ ఒక టైంటేబుల్ వేశారు. పొద్దున్న 4 గంటలకి లేవడం, రాత్రి 11కి పడుకోవడం, మధ్యలో భోజనానికి అరగంట, మొత్తం కూడితే రోజుకి 14 గంటల చదువు. మా మేనకోడలు డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉంది. ఆ ముక్క కత్తిరించి గోడకి అంటించుకుంది. మూడో రోజు సాయంత్రం నా దగ్గరకొచ్చి, "అత్తా, నిన్న అయిదు గంటలే అయ్యింది, ఇవాళ నాలుగే, ఇంక నాకు సీటు రాదు కదా" అని ఏడ్చింది. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీ పేపరు మా ఇంటికి నా చిన్నప్పటి నుంచీ వస్తోంది, కోపంతో రాయడం లేదు. కానీ ఆ టైంటేబుల్ పాటించగలిగిన పిల్లలు మా ఊళ్ళో నాకు ఒక్కరూ కనపడలేదు. మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది, పక్కనే ఉన్న పాతపట్నం అటు ఆంధ్ర వైపు ఉండిపోయింది. మా పిల్లలకి ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, కాలేజీకి వచ్చాక ఇంగ్లీషు. గుణుపురం వైపు నుంచి రైల్లో వచ్చి క్లాసులు విని మళ్ళీ సాయంత్రం బండికి వెళ్ళిపోయేవాళ్ళున్నారు, సాయంత్రాలు ట్యూషన్లు చెప్పి ఫీజులు కట్టుకునేవాళ్ళున్నారు, నాలాగా కొట్టు చూసుకుంటూ చదివినవాళ్ళు ఎంతమందో. వీళ్ళకి 14 గంటల ప్లాను చూపిస్తే వాళ్ళకున్న నాలుగు గంటల మీద కూడా నమ్మకం పోతుంది.

నేను ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీట్ల కోసం పెట్టే ఐఐటీ జామ్ పరీక్షలో లెక్కల పేపరు రెండుసార్లు రాశాను. మొదటిసారి నా దగ్గరా ఇలాంటి టైంటేబులే ఉండేది, దానికి తోడు ఒక కోచింగ్ సెంటర్ నుంచి పోస్టులో తెప్పించుకున్న పదకొండు లావుపాటి పుస్తకాలు. నాన్న చీటీ పాడి మరీ డబ్బు కట్టారు. ఆ పుస్తకాలు మొదటి పేజీ నుంచి వరసగా చదువుకుంటూ పోయాను. ఫిబ్రవరి వచ్చేసరికి అయిదో పుస్తకంలో ఉన్నాను, గ్రూప్ థియరీ అనే పాఠం ఎనిమిదో పుస్తకంలో ఉంది. పరీక్ష హాల్లో ఆ ప్రశ్నలు కనపడగానే చేతులు చల్లబడిపోయాయి. తర్వాతి ఏడాది నాన్నకి ఒంట్లో బాగోక కొట్టు సగం నా మీద పడింది, చదువుకునే టైము అంతకు ముందు కన్నా తగ్గింది, సీటు వచ్చింది మాత్రం ఆ ఏడాదే.

రెండోసారి చేసిన మొదటి పని, ఒక వారం పాటు ప్లానేమీ వెయ్యకుండా నాకు నిజంగా ఎన్ని గంటలు దొరుకుతున్నాయో రోజూ రాసుకోవడం. మామూలు రోజుల్లో మూడు, ఆదివారం నాలుగు, మొత్తం వారానికి 22 గంటలు తేలింది. ఆగస్టు రెండో వారం నుంచి పరీక్ష దాకా 26 వారాలు. దసరా, దీపావళి, మార్గశిర లక్ష్మివారాల ముందు కొట్లో ఊపిరాడని రోజులు, ఇంట్లో జ్వరాలు, ఇవన్నీ కలిపి నాలుగు వారాలు తీసేస్తే 484 గంటలు మిగిలాయి. ఆ అంకె చూశాక నాకు టెన్షన్ పెరగలేదు, తగ్గింది. 484 గంటల్లో పదకొండు పుస్తకాలు అవ్వవని తేలిపోయింది కాబట్టి ఏవి వదిలెయ్యాలో ధైర్యంగా వదిలేశాను.

ఏవి వదలాలో పాత పేపర్లే చెప్పాయి. జామ్ పాత పేపర్లు అఫీషియల్ వెబ్‌సైట్‌లో ఊరికే దొరుకుతాయి, జిరాక్స్ ఖర్చే మనది. సిలబస్ అంతా అయ్యాక పేపర్లు చూద్దాం అనుకునే పిల్లలు చాలామంది, నేనూ అలాగే అనుకుని ఏడాది పోగొట్టుకున్నాను. మొదటి వారంలోనే ఒక పేపరు గడియారం పెట్టుకుని రాయాలి, ఎన్ని మార్కులొచ్చినా సరే. మిగతావి ముందేసుకుని ఏ పాఠం నుంచి ఎన్ని ప్రశ్నలు వస్తున్నాయో లెక్క కట్టుకోవాలి. ఆఖరి మూడేళ్ళ పేపర్లు మాత్రం ముట్టుకోకుండా జనవరికి దాచుకోవాలి.

పేపరు ఎలా ఉంటుందో తెలియడం కూడా చదువే అని నాకు ఆలస్యంగా అర్థమైంది. జామ్‌లో 60 ప్రశ్నలు, 100 మార్కులు, 3 గంటలు. మొదటి సెక్షన్‌లో 30 ప్రశ్నలు, నాలుగు ఆప్షన్లలో ఒకటే సరైనది, తప్పు పెడితే ఒక మార్కు ప్రశ్నకి మూడో వంతు, రెండు మార్కుల ప్రశ్నకి మూడింట రెండు వంతులు కోస్తారు. రెండో సెక్షన్‌లో 10 ప్రశ్నలు, సరైన ఆప్షన్లు ఒకటి కన్నా ఎక్కువ ఉండొచ్చు, అన్నీ సరిగ్గా పెడితేనే మార్కులు, సగం సరిగ్గా పెట్టినందుకు సగం మార్కులు ఇవ్వరు. మూడో సెక్షన్‌లో 20 ప్రశ్నలకి ఆప్షన్లే ఉండవు, జవాబు అంకె మనమే కొట్టాలి. ఈ చివరి రెండు సెక్షన్లూ కలిపి 50 మార్కులు, వీటికి నెగెటివ్ లేదు. అంటే సగం పేపరులో తప్పు రాసినా పోయేదేమీ లేదు. మొదటిసారి ఇది పట్టించుకోక, చివరి స్టెప్పు దాకా చేసి కూడా జవాబు మీద అనుమానంతో ఆరు ప్రశ్నలు ఖాళీగా వదిలేసి వచ్చాను. ఆ ఆరూ ఇప్పటికీ గుర్తున్నాయి.

అదే సెంట్రల్ యూనివర్సిటీల్లో పీజీ సీట్లకి పెట్టే సీయూఈటీ పీజీ రాసేవాళ్ళకి ఈ లెక్క పనికిరాదు. అక్కడ 75 ప్రశ్నలకి 90 నిమిషాలే, ఒక్కో ప్రశ్నకి 72 సెకన్లు, సరైన దానికి 4 మార్కులు, తప్పుకి ఒకటి పోతుంది. జామ్‌కి కూర్చుని ఆలోచించడం అలవాటు చేసుకోవాలి, దీనికి చటుక్కున పోల్చుకోవడం. రెండూ రాసే పిల్లలకి ఒకే టైంటేబుల్ ఇస్తే ఎలా?

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఉపయోగపడిన దాని గురించి చెబుతాను. నాన్న కొట్లో పద్దు పుస్తకం ఉండేది, ఎర్రగుడ్డ అట్ట, పొడుగాటి కాయితాలు. ఒక్కో ఖాతాదారుకి ఒక పేజీ, తారీఖు, సరుకు, బాకీ. బాకీ తీరగానే నాన్న ఆ పద్దు మీద అడ్డంగా గీత కొట్టేవారు. అలాంటిదే వాడని పుస్తకం ఒకటి అడిగి తీసుకుని, నేను చేసిన ప్రతి తప్పునీ అందులో రాసుకున్నాను. సరైన జవాబు రాసుకోవడం కాదు, నేను ఏమనుకుని తప్పు చేశానో అది. మొదటి పేజీలో ఇలా ఉంది: "బౌండెడ్ సీక్వెన్స్ (హద్దు దాటని అంకెల వరస) అంటే కన్వర్జ్ అవుతుందనుకున్నాను (ఒకే అంకెకి దగ్గరవుతూ పోతుందని). అవ్వక్కర్లేదు. 1, -1, 1, -1 చూడు. కన్వర్జ్ అయ్యే సబ్‌సీక్వెన్స్ (అందులోంచి ఏరిన వరస) మాత్రం ఉంటుంది." ఇంకో చోట: "ఆర్డర్ 4 గ్రూపులన్నీ (నాలుగు ఎలిమెంట్లున్నవి) సైక్లిక్ (ఒక్క ఎలిమెంటు నుంచే మిగతావన్నీ వచ్చేవి) అనుకున్నాను. క్లైన్ గ్రూపుని మర్చిపోయాను. ఇది రెండోసారి."

గీత ఎప్పుడు కొట్టాలనే దానికి ఒక రూలు పెట్టుకున్నాను. వారం తర్వాత ఆ లెక్కని పుస్తకం మూసి చెయ్యగలగాలి, నెల తర్వాత మళ్ళీ చెయ్యగలగాలి, అప్పుడే బాకీ తీరినట్టు. చదివింది ఎంత తొందరగా మర్చిపోతామో 1885లోనే ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ సైంటిస్టు తన మీదే ప్రయోగాలు చేసి రాశారని తర్వాత బీఈడీలో చదువుకున్నాను. నాకప్పుడు అదేం తెలీదు. వసూలు చెయ్యని బాకీ మునిగిపోతుందని నాన్న అనే మాట తెలుసు, అంతే.

నవంబరు ఆఖర్లో పుస్తకం ముందేసుకుని కూర్చుంటే నాకు ఊహించనిది కనపడింది. పాఠం రాక చేసిన తప్పుల కన్నా ప్రశ్న సరిగ్గా చదవక చేసినవే ఎక్కువ. ఇంగ్లీషులో "నెసెసరిలీ" అనే ఒక్క మాట, "ఎట్ మోస్ట్", "ఎట్ లీస్ట్" అనే మాటలు, వీటి దగ్గరే మార్కులు పోతున్నాయి. జామ్ పేపరు ఇంగ్లీషులోనే ఉంటుంది, తప్పదు. దాంతో కష్టమైన ప్రతి ప్రశ్ననీ ముందు తెలుగులో నాకు నేను గట్టిగా చెప్పుకోవడం మొదలుపెట్టాను, "ఎప్పుడూ నిజమేనా అని అడుగుతున్నాడా, ఒక్కసారైనా నిజమైతే చాలా?" అని, కొట్లో బియ్యం బస్తాల మధ్య కూర్చుని. అమ్మ మొదట భయపడింది, తర్వాత అలవాటు పడింది. వాడుక భాషలో చదువు చెప్పాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, మా పిల్లలకి లెక్క తెలుగులో ఆలోచించడం నామోషీ అనిపించకూడదు. రాసేది ఇంగ్లీషులో రాసినా అర్థం చేసుకునేది సొంత మాటల్లో చేసుకుంటే నిలుస్తుంది.

మిగతావి చిన్న విషయాలు. జామ్ పొద్దున్న 9:30కి ఒక సెషన్, మధ్యాహ్నం 2:30కి ఒకటి ఉంటాయి, మీ పేపరు ఏ సెషన్‌లో పడుతుందో చూసుకుని మాక్ టెస్టులు ఆ టైముకే రాయండి. లెక్కలు ఫోన్‌లో చెయ్యకండి, పరీక్షలో స్క్రీన్ మీద మౌస్‌తో నొక్కే క్యాలిక్యులేటరే ఉంటుంది, అది చాలా నిదానం. నిద్ర తగ్గించకండి. మా ఊరి పిల్లలైతే ముందురోజే బయల్దేరండి, నేను మొదటిసారి తెల్లవారుజామున బస్సెక్కి శ్రీకాకుళం మీదుగా విశాఖ చేరి, ఆ నడుము నొప్పితోనే పరీక్షలో కూర్చున్నాను.

మిమ్మల్ని అడిగేది రెండే. ఒకటి, టాపర్ల టైంటేబుల్ వేసిన చోటే రోజుకి మూడు నాలుగు గంటలు దొరికేవాళ్ళ ప్లాను కూడా వెయ్యండి, అలా చదివి సీటు తెచ్చుకున్నవాళ్ళు గుణుపురంలో, రాయగడలో, బరంపురంలో ఉంటారు, మీ విలేకర్లు అడిగితే చెబుతారు. రెండు, అప్లికేషన్ల ఆఖరి తేదీలు వేసేటప్పుడు ఆంధ్ర, తెలంగాణ పరీక్షలతో పాటు ఒడిశా పీజీ ఎంట్రన్సు తేదీలు కూడా వెయ్యండి. మా పిల్లలు చదివేది మీ పేపరే, రాసేది ఇక్కడి పరీక్ష కూడా.

మా మేనకోడలు గోడ మీది కాయితం తీసేసింది. నిన్న కొట్టుకి వెళ్ళి వాళ్ళ తాతయ్యని అడిగి కొత్త పద్దు పుస్తకం తెచ్చుకుంది, ఈ వారం గంటలు లెక్క పెడుతోంది. నా పాత పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. మీకు పనికొస్తుందంటే పేజీలు ఫొటోలు తీసి పంపుతాను, నా చేతిరాత బాగానే ఉంటుంది, అచ్చు వేసుకోవచ్చు.

ఇట్లు,
ఒక లెక్కల టీచరు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా