మతం గురించి రాసేటప్పుడు పన్నుల లెక్క కూడా చూడండి

సంపాదకులు గారికి నమస్కారం.

మాది బుచ్చిరెడ్డిపాళెం దగ్గర ఒక పల్లె, ధాన్యం కాటా దగ్గర లెక్కలు రాస్తుంటాను. పోయిన ఆదివారం మీ పేపర్లో పన్నెండొందల ఏళ్ల కిందటి మతాలు, రాజ్యాల గురించి పేజీ నిండా వేశారు. అరబ్బులు, చైనా, యూరప్ అన్నీ ఒకచోట పెట్టి రాయడం మన పేపర్లలో తక్కువ, అందుకు సంతోషం. కానీ అందులో ఒక మాట మాత్రం నాకు మింగుడు పడలేదు, ఆ కాలంలో మతాలన్నీ కత్తితోనే పాకాయి అని. మా కాటా దగ్గర మూటలు దించే కుర్రాడు ఆ పేజీ నా చేతిలోంచి తీసుకొని పైకి చదివి "అంతే గదా మామా, ఎవుడి దగ్గర కత్తుంటే వాడి దేవుడే గెలిచినాడు" అన్నాడు. పదో తరగతి దాకా చదివిన పిల్లోడు, వాడి మనసులో ఆ ఒక్క ముక్కే నిలిచిపోయిందే అని బాధేసి ఈ ఉత్తరం రాస్తున్నా.

కత్తి లేదని నేననను. 782లో యూరప్‌లో ఫ్రాంకుల రాజు షార్లమేన్ వెర్డెన్ దగ్గర ఒక్కరోజులో సాక్సన్లనే తెగవాళ్లను 4,500 మందిని నరికించాడని ఆ ఫ్రాంకుల రాతల్లోనే ఉంది, బాప్టిజం తీసుకోనోడికి చావే అని చట్టం కూడా పెట్టాడు. కానీ ఆ షార్లమేన్ కొలువులోనే ఉన్న ఆల్క్విన్ అనే పండితుడు 796లో ఏం రాశాడో చూడండి, పంటలో పదో వంతు చర్చికి కట్టమని పీడించడమే సాక్సన్ల విశ్వాసాన్ని పాడు చేసిందని. అంటే కత్తి పని కత్తి చేసింది, ఆ తర్వాత ఏళ్ల తరబడి జనానికి మతం కనపడింది మాత్రం కళ్లంలో, కొలపాత్ర దగ్గర.

అరబ్బుల సంగతి కూడా జనం అనుకునేంత సూటిగా లేదు. ఈజిప్టు 642 నాటికి వాళ్ల చేతికొచ్చింది, అయినా ఆ తర్వాత కూడా చాలాకాలం అక్కడి జనంలో ఎక్కువమంది క్రైస్తవులే. ముస్లిం కానోళ్లు జిజియా అనే పన్ను కట్టాలి, కట్టి తమ మతంలో ఉండొచ్చు. ఇంక ఇరాక్‌లో అయితే 700 ప్రాంతంలో హజ్జాజ్ అనే గవర్నర్ ఉండేవాడు, రైతులు మతం మారి ఊళ్లొదిలి బస్రా లాంటి పట్నాలకు వస్తుంటే, వద్దు మీ ఊళ్లకు పోండి పన్ను కట్టండి అని తిరిగి తోలించాడు. మతం మారినోళ్లను చూసి సంతోషించాల్సిన వాడు ఖజానా ఖాళీ అవుతుందని దిగులుపడ్డాడు. తర్వాత 717లో ఖలీఫా అయిన రెండో ఉమర్ అది అన్యాయమని, మతం మారినోళ్ల దగ్గర జిజియా తీసుకోవద్దని ఆర్డర్ వేశాడు. ఈ గొడవంతా మీ పేజీలో ఒక్క లైను కూడా లేదండీ.

చైనా గురించి రాసిన చోట 845లో వూజోంగ్ చక్రవర్తి బౌద్ధ మఠాలు కూలగొట్టించాడని ఒక వాక్యంతో దాటేశారు. ఎందుకు కూలగొట్టించాడో చెప్పాలి గదా. ఆయనకు తావో మతమంటే ప్రేమ, అది నిజమే, కానీ ఆయన ఇచ్చిన ఆర్డర్ చూస్తే అది మా కాటా పుస్తకం లాగుంది. 4,600 పెద్ద మఠాలు పోయాయి, 2,60,500 మంది సన్యాసులు, సన్యాసినులను మళ్ళీ సంసారుల్లో కలిపి పన్ను కట్టే జాబితాలో రాశారు, గంటలు, కంచు బొమ్మలు కరిగించి నాణేలు పోశారు. ఒక మగోడు దున్నకపోతే ఇంకెవరో పస్తుంటారు, ఒక ఆడమనిషి నేయకపోతే ఇంకెవరో చలికి వణుకుతారు అనే అర్థం వచ్చేట్టు ఆ ఆర్డర్లోనే ఉంది. మఠం భూమికి పన్ను లేదు, మఠంలో చేరినోడికి పన్ను లేదు, ఖజానాకేమో యుద్ధాల ఖర్చు, అదీ కథ.

ఇవన్నీ దూరం దేశాల సంగతులనుకుంటే మాకు పక్కనే వవ్వేరు ఉంది. ఆ ఊళ్లో దొరికిన పల్లవ సింహవర్మ రాగి రేకులు, విలవట్టి శాసనం అంటారు, అయిదో శతాబ్దం నాటివి. ఒక ఊరిని బ్రాహ్మణుడికి దానమిస్తూ అక్కడ రాజుకు రావాల్సిన పన్నులన్నీ పేరుపేరునా రాశారు. కమ్మరుల మీద, తోలు పని చేసేవాళ్ల మీద, బట్టలంగళ్ల మీద, నేతగాళ్ల మీద, మంగళ్ల మీద, తాళ్ల మీద ఆటలాడేవాళ్ల మీద, జూదం మీద, చివరికి పెళ్లి మీద కూడా. ఆ వరసలోనే ఆజీవకులు అని ఉంది. ఆజీవకులంటే బుద్ధుడి కాలం నుంచీ ఉన్న సన్యాసులు, వాళ్ల మీద పన్ను. దానం ఒక మతానికి, పన్ను ఇంకో మతం మీద, రెండూ ఒకే రేకులో. కత్తి మాట ఎక్కడా లేదు, కానీ ఏ మతం బతుకుతుంది ఏది చిక్కిపోతుంది అనేది అక్కడే తేలిపోయినట్టు నాకనిపిస్తుంది. అట్లని పల్లవులు మిగతా మతాలను తుడిచిపెట్టారనీ కాదు, 640 ప్రాంతంలో చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ వాళ్ల కంచిలో 100 బౌద్ధ ఆరామాలు, 10,000 మంది భిక్షువులు, 80 దాకా దేవుళ్ల గుళ్లు, బోలెడంతమంది జైనులు ఉన్నారని రాసుకున్నాడు.

ఇదంతా ఆ కుర్రాడికి చెబితే అంత నమ్మకంగా వినలేదు. అప్పుడు అద్దంకి శాసనం సంగతి ఎత్తాను. 848 ప్రాంతం, అంటే చైనాలో మఠాలు కూల్చిన మూడేళ్లకే, తూర్పు చాళుక్యుల సేనాని పండరంగడు పన్నెండు బోయకొట్టాలు, అంటే బోయల స్థావరాలు గెలిచి కందుకూరును బెజవాడంత చేశాడని తరువోజ పద్యంలో చెక్కించాడు. అందరూ ఆ పద్యం దగ్గరే ఆగిపోతారు, తెలుగు పద్యం కాబట్టి ఆగాల్సిందే. కానీ దాని కింద వచనం ఉంది, ఆదిత్య భటారుడికి ఎనభై పుట్ల అడ్లు పట్టే నేల ఇచ్చానని. పుట్టి అనగానే వాడు తలెత్తాడు. మా దగ్గర ఇప్పటికీ వడ్ల రేటు పుట్టి లెక్కనే, పుట్టికి 850 కేజీలు, రోజూ వాడి వీపు మీద మోసేది అదే. "మామా, పన్నెండొందల ఏళ్ల కిందట కూడా పుట్టేనా" అన్నాడు. అప్పటి పుట్టి ఇప్పటి పుట్టి ఒకటే కొలత కాకపోవచ్చబ్బయా, మాట మాత్రం అదే అన్నాను. ఆ తర్వాత గంటసేపు వదల్లేదు నన్ను, ఆ నేల మీద పన్ను ఎవరికి పోయేది, దున్నినోడికి ఏం మిగిలేది అని ఒకటే ప్రశ్నలు.

కాబట్టి అయ్యా, ఈ వరసలో ఇంకో పేజీ వేసేటట్టుంటే వవ్వేరు రేకుల్లో ఉన్న పన్నుల జాబితా మొత్తం తెలుగులో అచ్చు వేయండి, పక్కనే చైనా 845 ఆర్డర్ కూడా వేయండి. వవ్వేరు సెంటర్లో ఆ రేకుల గురించి ఒక బోర్డు పెట్టించమని మీ జిల్లా పేజీలో అధికారులను అడగండి, రంగుకు, రేకుకు అయ్యే ఖర్చు మా కాటా వాళ్లం వేసుకుంటాం.

ఇట్లు,
మీ పాఠకుడు,
బుచ్చిరెడ్డిపాళెం, నెల్లూరు జిల్లా