మన వైట్ సాక్స్ తెలుగు అభిమానుల బృందం: 2024 వార్షిక నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షులవారికి, కార్యవర్గానికి, సభ్య కుటుంబాలన్నిటికీ నమస్కారములు.

జనవరి సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక సమర్పించాలన్నది మన నియమావళిలోని నిబంధన కనుక, 2024 సంవత్సరపు కార్యకలాపాలను మీ ముందు ఉంచుతున్నాను. మన ఆశయాలు అందరికీ తెలిసినవే కాబట్టి వాటిని మళ్ళీ రాయడం లేదు. మన షికాగో బేస్‌బాల్ జట్టు వైట్ సాక్స్ గెలిచిన ఏడాది నివేదిక ఎవరైనా రాయగలరు. 162 ఆటలలో 41 గెలిచి 121 ఓడిన ఏడాది నివేదిక రాసే యోగం నాకు పట్టింది.

1901 నుంచి లెక్కించే ఆధునిక బేస్‌బాల్‌లో ఒకే సీజన్‌లో ఇన్ని ఓటములు మరే జట్టుకూ లేవు. 1962లో న్యూయార్క్ మెట్స్ 120 ఓడింది కానీ, ఆ జట్టుకు అది మొట్టమొదటి సంవత్సరం. అంతకు ముందు 1899లో క్లీవ్‌లాండ్ స్పైడర్స్ 134 ఓడిందని మన పెద్దలొకరు ప్రతి సమావేశంలోనూ గుర్తుచేస్తూ వచ్చారు. ఆ ఊరటను కూడా ఇక్కడ నమోదు చేస్తున్నాను. మనది 2005లో వరల్డ్ సిరీస్ (రెండు లీగుల విజేతల తుది పోరు) గెలిచిన జట్టు, 2021లో 93 ఆటలు గెలిచి డివిజన్‌లో మొదటి స్థానంలో నిలిచిన జట్టు. మూడేళ్ళలో ఇంత కిందికి ఎలా జారిందన్నదే ఈ ఏడాది మన నెలవారీ సమావేశాలన్నిటినీ ఆక్రమించిన ప్రశ్న.

సీజన్‌లోని మొదటి 25 ఆటలలో 3 మాత్రమే గెలవడంతో, ఏప్రిల్ సమావేశానికి రావలసినవారిలో సగం మంది ముఖం చాటేశారు. మే 22 నుంచి వరుసగా 14 ఆటలు ఓడిపోయాం. ఆ వరుసలో రెండోది, మే 23న బాల్టిమోర్ ఓరియోల్స్‌తో జరిగిన ఆట, గురించి జూన్ సమావేశంలో రెండు గంటలు వాదించుకున్నాం. ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మనవాళ్ళు తేరుకుని 8-6 దాకా వచ్చారు, ఒక్కరే ఔట్. ఆండ్రూ బెనింటెండి కొట్టిన బంతి ఇన్‌ఫీల్డ్ (బేసుల దగ్గరి మైదానం) మీదే గాలిలోకి లేచింది. ఇన్‌ఫీల్డ్ ఫ్లై నియమం ప్రకారం బ్యాటర్ ఎలాగూ ఔటే. అయితే రెండో బేస్ వద్ద ఉన్న ఆండ్రూ వాన్ షార్ట్‌స్టాప్‌కు (రెండో, మూడో బేసుల మధ్య నిలబడే ఫీల్డరు) అడ్డొచ్చాడని అంపైరు అతనిని కూడా ఔట్ ఇచ్చారు. షార్ట్‌స్టాప్ బంతిని సునాయాసంగానే పట్టుకున్నాడు, అయినా మూడు ఔట్లూ పూర్తయి ఆట అక్కడే ముగిసిపోయింది. క్రికెట్ నుంచి వచ్చిన మన సభ్యులు చాలా మందికి ఈ నియమం ఉన్నదని ఆ రోజే తెలిసింది. నియమ పుస్తకం తెచ్చి, బల్ల మీద ఉప్పు డబ్బా, మంచినీళ్ళ గ్లాసులు బేసులుగా పెట్టి విడమరచి చెప్పిన మన నేపర్‌విల్ సభ్యునికి కార్యవర్గం తరఫున ప్రత్యేక కృతజ్ఞతలు.

జూలై 10 నుంచి ఆగస్టు 5 వరకు వరుసగా 21 ఓటములు. ఉన్న రెండు లీగులలో మనదైన అమెరికన్ లీగ్‌లో 1988 నాటి ఓరియోల్స్ రికార్డును దానితో సమం చేశాం. ఆగస్టు 6న ఓక్లాండ్‌లో 5-1తో గెలిచి ఆ వరుసకు తెరపడిన రెండు రోజులకే మేనేజర్ పెడ్రో గ్రిఫోల్‌ను తొలగించి, గ్రేడీ సైజ్‌మోర్‌కు తాత్కాలికంగా పగ్గాలిచ్చారు. గ్రిఫోల్‌ను తీసేయాలని మే నెలలోనే మన సమావేశం తీర్మానించింది. ఆ తీర్మానాన్ని ఎవరూ అడగలేదు, ఎవరికీ పంపనూ లేదు. అయినా మినిట్స్ పుస్తకంలో ఉన్నది.

మేనేజరును మార్చితే సరిపోతుందన్నవారితో నేను అప్పుడూ ఏకీభవించలేదు, ఇప్పుడూ ఏకీభవించను. లోపం జట్టు కూర్పులో ఉన్నది. 2016 డిసెంబరులో పిచర్ (బంతి విసిరే ఆటగాడు) క్రిస్ సేల్‌ను బోస్టన్ జట్టుకు ఇచ్చి యోవాన్ మొంకాడాను, మైకేల్ కోపెక్‌ను తెచ్చుకున్నారు. మరుసటి ఏడాది హోసే కింటానాను మన ఊళ్ళోనే ఉన్న కబ్స్‌కు ఇచ్చి ఎలాయ్ హిమెనెజ్‌ను, డిలన్ సీస్‌ను తెచ్చుకున్నారు. ఈ నలుగురి చుట్టూ పదేళ్ళు గెలిచే జట్టు తయారవుతుందని మనకు చెప్పారు, మనమూ నమ్మాం. 2020లో, 2021లో ప్లేఆఫ్స్‌కు (సీజన్ చివరి నాకౌట్ దశ) వెళ్ళి రెండుసార్లూ మొదటి మెట్టు మీదే వెనుదిరిగారు. ఆ నలుగురిలో ఇప్పుడు జట్టులో ఒక్కరూ లేరు. సీస్‌ను సీజన్ మొదలవడానికి రెండు వారాల ముందు శాన్‌డియేగోకు ఇచ్చేశారు. జూలై 25న అతను అక్కడ ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా నో-హిట్టర్ వేశాడు. కోపెక్‌ను జూలై ఆఖరున డాడ్జర్స్‌కు ఇచ్చారు. అక్టోబరులో అతనికి వరల్డ్ సిరీస్ ఉంగరం దక్కింది. హిమెనెజ్ బాల్టిమోర్ వెళ్ళాడు. మొంకాడా ఏడాదంతటిలో 12 ఆటలే ఆడగలిగాడు, సీజన్ అయ్యాక అతని ఒప్పందాన్ని పొడిగించలేదు. ఇక ఎనిమిదేళ్ళ క్రితం మనం వదులుకున్న సేల్, అట్లాంటాలో ఉత్తమ పిచర్‌కిచ్చే 2024 నేషనల్ లీగ్ సై యంగ్ పురస్కారం గెలుచుకున్నాడు.

ఈ వరుసను ఆగస్టు సమావేశంలో ఒక పెద్ద కాగితం మీద బాణాల గీతలతో గీసి గోడకు అంటించాం. కొందరు సభ్యులు కింద చిన్న అక్షరాలతో ఫెర్నాండో టాటిస్ జూనియర్ పేరు కూడా చేర్చారు. 2016లో పిచర్ జేమ్స్ షీల్డ్స్ కోసం, తర్వాత పెద్ద ఆటగాడైన ఆ కుర్రవాణ్ణి ఇచ్చేసిన సంగతి మనలో ఎవరికీ మరపురాదు. ఆ కాగితం ఇప్పటికీ నా గ్యారేజీలో ఉన్నది. ఎవరైనా భద్రపరుస్తామంటే సంతోషంగా అప్పగిస్తాను.

జనరల్ మేనేజర్ క్రిస్ గెట్జ్ ఫీల్డింగ్ బాగుపడితే చాలునన్న ఆలోచనతో తక్కువ జీతానికి అనుభవజ్ఞులను చేర్చుకున్నారు. దానిని సమర్థించిన సభ్యులూ మనలో ఉన్నారు, వారి వాదన కూడా న్యాయంగా నమోదు కావాలి: 2023లో 101 ఓడిన జట్టుకు పెద్ద ఆటగాళ్ళు ఎవరూ రారు, వచ్చినా యజమాని జెర్రీ రైన్స్‌డార్ఫ్ డబ్బు ఖర్చు పెట్టరు, ఫ్రాంచైజీ చరిత్రలో అతి పెద్ద ఒప్పందమే బెనింటెండికి ఇచ్చిన 75 మిలియన్ డాలర్లు. ఇవన్నీ నిజమే. కానీ క్యాచర్‌గా (బ్యాటర్ వెనుక బంతి పట్టేవాడు) తెచ్చుకున్న మార్టిన్ మాల్డొనాడో బ్యాటింగ్ సగటు .119, అంటే వెయ్యి ప్రయత్నాలకు 119 హిట్ల లెక్క. జట్టు మొత్తం 507 పరుగులు చేసి రెండు లీగుల్లోని 30 జట్లలో ఆఖరున నిలిచింది. ఆధారపడదగిన ఏకైక బ్యాటర్ లూయిస్ రాబర్ట్ జూనియర్ ఏప్రిల్‌లోనే తుంటి గాయంతో కూర్చుంటే, అతని స్థానంలోకి రావడానికి తగినవాడు లేడు. వంట మనిషి ఒక్కడే ఉన్న పెళ్ళిలో అతనికి జ్వరం వచ్చినట్లయింది.

నవంబరు చర్చా సభ

ఈ ఏడాది మన బృందం గర్వంగా చెప్పుకోదగినది నవంబరు ఆదివారం నాటి చర్చా సభ. విషయం: పిచర్ గ్యారెట్ క్రోషేను అమ్మాలా (అంటే ఆటగాళ్ళకు బదులుగా వేరే జట్టుకు ఇవ్వాలా), ఉంచాలా. క్రోషే సంగతి మీకు చెప్పనక్కరలేదు. ఆట మధ్యలో వచ్చే రిలీవరుగా ఉన్నవాడు ఈ ఏడాదే ఆట మొదలుపెట్టే స్టార్టరుగా మారి, 146 ఇన్నింగ్స్‌లో 209 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులతో తీసిన ఔట్లు) చేసి, ఆల్‌స్టార్ అయ్యాడు. ఇంత దిక్కుమాలిన ఏడాదిలో మన పిల్లలు చొక్కా మీద వేసుకున్న పేరు అతనిదొక్కటే.

అమ్మాలన్న పక్షం వాదన చదువుకుని వచ్చినవారి వాదన. 2026 తర్వాత అతను ఫ్రీ ఏజెంట్ (ఏ జట్టుకైనా వెళ్ళగలవాడు) అవుతాడు, ఆ రెండేళ్ళలో ఈ జట్టు గెలవదు. మోచేతికి ఒకసారి శస్త్రచికిత్స అయినవాడు. జూలై నుంచి ఆటకు నాలుగు ఇన్నింగ్స్‌కు మించి వేయనివ్వలేదు. ధర ఇప్పుడే ఎక్కువ. పైగా జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళను ఎంచుకునే డ్రాఫ్టు మీద ఆశ పెట్టుకోవడానికి వీల్లేదు. 121 ఓడినా డ్రాఫ్టులో మొదటి వంతులు పంచే లాటరీలో మనకు చోటు లేదు, పెద్ద నగరాల జట్లకు వరుసగా రెండేళ్ళు లాటరీ ఎంపిక దక్కకూడదన్న నియమం వల్ల 2025లో మన వంతు పదోది. ఉంచాలన్న పక్షం సేల్ కథ చెప్పింది, గోడ మీది కాగితం తెప్పించింది. మంచి పిచర్‌ను అమ్మడం, కుర్రాళ్ళను పెంచడం, వాళ్ళు ఎదిగాక మళ్ళీ అమ్మడం, ఇదే పని అయితే అభిమాని ఎవరిని చూసి టికెట్ కొనాలని అడిగింది.

సభను మలుపు తిప్పింది ఆస్వీగో ఈస్ట్ హైస్కూల్లో చదువుతున్న మన సభ్యుల అమ్మాయి. అదే పాఠశాల నుంచి 2022లో మొదటి రౌండులో వైట్ సాక్స్ ఎంచుకున్న ఆరడుగుల తొమ్మిదంగుళాల ఎడమచేతి పిచర్ నోవా షుల్ట్జ్ ఇప్పుడు బర్మింగ్‌హామ్ బారన్స్‌కు వేస్తున్నాడని, వైట్ సాక్స్ కుర్రాళ్ళు ఎదిగే ఆ డబుల్-ఎ (కింది స్థాయి) జట్టు ఈ ఏడాది సదరన్ లీగ్ విజేతగా నిలిచిందని, కాబట్టి మనకు పిచర్ల కొరత లేదని, అమ్మితే తప్పనిసరిగా బ్యాటర్లనే తీసుకోవాలని ఆమె షరతు పెట్టింది. పెద్దలు ఒకరిమీద ఒకరు గొంతు పెంచుతున్న చోట ఆ పిల్ల కాగితం చూడకుండా, తడబడకుండా తెలుగులో మాట్లాడింది. ఆ షరతుతోనే అమ్మాలన్న పక్షం స్వల్ప తేడాతో నెగ్గింది. డిసెంబరు 11న క్రోషేను బోస్టన్‌కు ఇచ్చారు, మళ్ళీ బోస్టన్‌కే. బదులుగా వచ్చిన నలుగురిలో క్యాచర్ కైల్ టీల్, అవుట్‌ఫీల్డర్ బ్రేడెన్ మాంట్‌గమరీ, ఇన్‌ఫీల్డర్ చేస్ మైడ్‌రోత్, ముగ్గురూ బ్యాటర్లే. వికెల్మన్ గోంజాలెజ్ ఒక్కడే పిచర్. మన తీర్మానం ఫ్రంట్ ఆఫీసు (జట్టు యాజమాన్యం) చదివిందని నేను అనను. చదివి ఉంటే ఇంతకంటె భిన్నంగా ఏమీ చేసి ఉండేది కాదని మాత్రం అంటాను.

ఈ సభ నిర్వహించడానికి పడిన పాట్లు కూడా సభ్యులు తెలుసుకోవాలి. హాలు బుక్ చేసిన తర్వాత అక్కడి అధికారులు రెండుసార్లు తేదీ మార్చారు. క్రీడాభిమానుల చర్చ అంటే అరుపులు, కేకలు ఉంటాయేమోనన్నది వారి అనుమానం. బీమా కాగితం అడిగారు, ఇచ్చాం. మళ్ళీ అదే కాగితం అడిగారు, మళ్ళీ ఇచ్చాం. ఆ ఉదయం కుర్చీలు వేయడానికి వస్తామన్న స్వచ్ఛంద కార్యకర్తలలో అధిక భాగం మధ్యాహ్న భోజనం వేళకు వచ్చారు. రాత్రి కుర్చీలు తీసినవి మాత్రం ఎప్పటి చేతులే.

సెప్టెంబరు 24 స్టేడియం యాత్ర

ఆ మంగళవారం నాటికి జట్టు 120 ఓటములతో రికార్డును సమం చేసి ఉన్నది. రికార్డు దాటే ఆటను ప్రత్యక్షంగా చూద్దామన్న కొందరి కోరిక మీద టికెట్లు తీశాం. నేపర్‌విల్‌లో మెట్రా రైలు ఎక్కి, యూనియన్ స్టేషన్‌లో దిగి, రెడ్ లైన్ రైలులో స్టేడియం ఉన్న 35వ వీధి చేరుకున్నాం. ఏంజెల్స్ 2-0తో ముందుండగా "జట్టును అమ్మేయండి" అన్న నినాదం స్టేడియమంతా మారుమోగింది. మన వరుసలో పులిహోర పొట్లం చేతిలో పట్టుకునే నినదించిన సభ్యులను నేను గుర్తించాను. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మనవాళ్ళు మూడు పరుగులు చేసి 3-2తో గెలిచారు. ఓటమి చూడటానికి వచ్చినవాళ్ళం లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. తర్వాతి రెండు ఆటలూ గెలిచారు. 121వ ఓటమి 27న డెట్రాయిట్‌లో, మనమెవరమూ లేనప్పుడు వచ్చింది.

పేర్లు ఇచ్చి రానివారి సీట్లు ఆ రోజు ఖాళీగానే ఉన్నాయి. టికెట్ డబ్బులు వాళ్ళ నుంచి వసూలు చేయడానికి కోశాధికారిగారు పడుతున్న శ్రమ ఇంకా కొనసాగుతూనే ఉన్నది. రోజూ రాత్రి ఫోనులో రోస్టర్ (జట్టు ఆటగాళ్ళ జాబితా) గురించి అరగంట ఉపన్యాసం ఇచ్చే సభ్యులు, ఏడాదికి ఒక సాయంకాలం ఆ రోస్టర్‌ను కళ్ళారా చూడటానికి తీరిక చేసుకోవాలని కార్యవర్గం కోరుతున్నది.

లెక్కలు

జమాఖర్చుల పత్రాన్ని కోశాధికారిగారు సమావేశంలో విడిగా చదువుతారు. హాలు అద్దె, బీమా, భోజనాలు ప్రధాన ఖర్చులు. నిల్వ నిరుటి కంటె తగ్గింది గానీ అప్పు లేదు. బిల్లులన్నీ ఫైలులో ఉన్నాయి.

కృతజ్ఞతలు

చర్చా సభకు భోజనాలు సమకూర్చిన ఆరోరా సోదరీమణులకు, మెట్రా టికెట్ల బాధ్యత చూసిన యువ సభ్యులకు, మైకు, స్పీకర్లు ఉచితంగా ఇచ్చిన షామ్‌బర్గ్ దంపతులకు, వాదప్రతివాదాలు మధ్యలో తెగిపోకుండా సభ నడిపిన మాజీ అధ్యక్షులవారికి, ఓపికగా మినిట్స్ రాసిన సహాయ కార్యదర్శికి, పేరు చెప్పవద్దన్న దాతలకు పేరుపేరునా ధన్యవాదాలు. పిల్లల వైపు నుంచి ప్రశ్నలు సిద్ధం చేసిన బృందానికి వచ్చే ఏడాది ఒక పూర్తి సమావేశం అప్పగించాలని నా సిఫారసు.

రాబోయే ఏడాది

కొత్త మేనేజర్‌గా విల్ వెనబుల్ వచ్చారు. లూయిస్ రాబర్ట్‌ను ఉంచాలా, జూలై లోపు అమ్మాలా అన్నది ఫిబ్రవరి చర్చాంశం. అతనికి 2025లో 15 మిలియన్లు, ఆపై రెండేళ్ళకు జట్టు ఇష్టప్రకారం ఏటా 20 మిలియన్లన్న ఒప్పందాన్ని చదువుకుని రావలసిందిగా వక్తలకు మనవి. మార్చి 27న మన మైదానంలోనే ఏంజెల్స్‌తో సీజన్ మొదలవుతుంది. దానికి వచ్చేవారు ఫిబ్రవరి ఆఖరులోగా పేరుతోపాటు డబ్బు కూడా ఇవ్వాలి. పేరు మాత్రమే ఇచ్చినవారికి ఈసారి టికెట్ తీయబడదు. సభ్యత్వ రుసుములో మార్పు లేదు. టికెట్ల బాధ్యుడి పదవి ఖాళీగా ఉన్నది, ఎన్నిక ఈ సమావేశంలోనే జరగాలి, కనీసం ఒకరైనా పోటీ చేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి
నేపర్‌విల్, ఇల్లినాయ్, జనవరి 2025