వార్షిక నివేదిక: కొలతలు ఆగకూడదు

సభ్యులందరికీ నమస్కారం.

వాతావరణ మార్పు మీద, పర్యావరణ సమస్యల మీద పీహెచ్‌డీ చేస్తున్నవారి కోసం నడుస్తున్న మన సంఘం గడచిన ఏడాదిలో చేసిన పనులను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. నెలవారీ సమావేశాలు జరిగాయి. కొత్తగా చేరినవారికి పరిచయ తరగతులు పెట్టాం. థీసిస్ రాసే దశలో ఉన్నవారికి గణాంక పద్ధతుల్లో శిక్షణ ఇప్పించాం. ఇవి ఏటా చేసేవే కాబట్టి వివరాలు అనుబంధంలో ఇచ్చాం. ఈసారి కార్యవర్గం ఎక్కువ సమయం పెట్టింది ఒక్క ప్రశ్న మీద. థీసిస్ సమర్పించి, వైవా అయిపోయాక ఆ కొలతలన్నీ ఏమవుతున్నాయి?

ఒక ప్రాంతపు శీతోష్ణస్థితి ఇదీ అని చెప్పడానికి ప్రపంచ వాతావరణ సంస్థ 30 ఏళ్ల సగటును తీసుకుంటుంది. మనకు పీహెచ్‌డీలో ఫీల్డ్ వర్క్‌కి దొరికేది రెండు మూడేళ్లు. అమెరికన్ శాస్త్రవేత్త చార్లెస్ కీలింగ్ 1958లో హవాయిలోని మౌనా లోవా అగ్నిపర్వతం మీద కార్బన్ డయాక్సైడ్‌ను కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో అది పది లక్షల భాగాలకు సుమారు 315 భాగాలు ఉండేది. 2024 సగటు దాదాపు 425. అయితే మొదటి రెండు మూడేళ్ల రికార్డు మాత్రమే చేతిలో ఉంటే కంటికి కొట్టొచ్చినట్టు కనిపించేది ఋతువుల వల్ల వచ్చే హెచ్చుతగ్గులే. చెట్టూచేమా ఎదిగే కాలంలో తగ్గి, ఆకు రాలే కాలంలో పెరిగే ఆ తేడా అక్కడ ఆరు భాగాల వరకూ ఉంటుంది. అప్పట్లో సాలుసరి పెరుగుదల ఒక భాగం కూడా లేదు. 1964లో నిధుల కోత వల్ల ఆ కొలతలు కొంతకాలం ఆగిపోయాయి. ఆ ఖాళీని ఈనాటికీ ఎవరూ పూడ్చలేరు. మన సభ్యుల రికార్డుల్లో అలాంటి ఖాళీలు ఎన్నో! ఒక సీనియర్ సభ్యుడు కూడబెట్టిన నేల తేమ వివరాలు ల్యాబ్‌లో కంప్యూటర్ మార్చినప్పుడు పోయాయి. వాటి సగటులు థీసిస్‌లో ఉన్నాయి, అసలు అంకెలు లేవు.

అందుకే ఈ ఏడాది డేటా అప్పగింత శిబిరాలు మొదలుపెట్టాం. థీసిస్ ముగించినవారు తమ ఫైళ్లతో వచ్చి, అదే రంగంలో కొత్తగా చేరినవారి పక్కన కూర్చుని అన్నీ వివరంగా చెప్పి అప్పగించాలి. ఏ పరికరం వాడారు, దాన్ని ఎప్పుడెప్పుడు సరిచూశారు, ఏ ప్రమాణంలో కొలిచారు, రీడింగ్ ఏ వేళలో తీశారు అన్నవన్నీ అందులోకి వస్తాయి.

అన్నిటికంటే ఎక్కువ నేర్పింది వరి మళ్ల మీథేన్ మీద పనిచేసిన సభ్యురాలి అప్పగింత. నీళ్లు నిలిచిన మడిలో నేలకు గాలి అందదు. అక్కడి సూక్ష్మజీవుల వల్ల మీథేన్ పుడుతుంది. మధ్యమధ్య మడిని ఆరబెడితే అది తగ్గుతుంది కానీ, నత్రజని ఎరువు వేసిన నేల తడిసి ఆరుతుంటే నైట్రస్ ఆక్సైడ్ పెరగవచ్చు. నూరేళ్ల లెక్కలో, ఒక కిలో కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే కిలో మీథేన్ భూమిని సుమారు 27 రెట్లు, కిలో నైట్రస్ ఆక్సైడ్ 273 రెట్లు ఎక్కువ వేడెక్కిస్తాయి. కాబట్టి రెండూ కొలవాల్సిందే. పైరు మీద పెట్టె బోర్లించి, కొన్ని నిమిషాలకొకసారి సిరంజితో లోపలి గాలి తీసి, ల్యాబ్‌లో పరీక్షించాలి. పెట్టె పక్కన బురదలో కాలు వేస్తే చాలు, నేలలో చిక్కుకున్న బుడగలు పైకి తన్నుకొచ్చి రీడింగ్ పాడవుతుంది. అందుకని ముందే చెక్క పలకలు పరిచి వాటి మీద నిలబడే పని చేస్తారు. ఆమె ఫీల్డ్ నోట్‌బుక్‌లో ఒక పేజీ అంచున "పలక కదిలింది, రెండో సిరంజి లెక్కలోకి తీసుకోవద్దు" అని పెన్సిల్‌తో రాసి ఉంది. ఫైల్‌లో మాత్రం ఆ రీడింగ్ మిగతావాటితో పాటే ఉంది. నోట్‌బుక్ అందకపోతే తర్వాత వచ్చిన విద్యార్థి ఆ అంకెను నిజమైన మీథేన్ ఉప్పెనగా లెక్కగట్టేవాడు. కాబట్టి ఇకనుంచి నోట్‌బుక్ స్కాన్ చేసి ఇస్తేనే అప్పగింత పూర్తయినట్టు.

ఆశించిన ఫలితం రాని ప్రయోగాల కోసం విడిగా ఒక సమావేశం పెట్టాం. హాజరు తక్కువే అయినా నా దృష్టిలో ఈ ఏడాది జరిగినవాటిలో అదే ముఖ్యమైనది. ఒక పద్ధతి వల్ల ఉద్గారాలు తగ్గాయన్న పేపర్లే అచ్చయి, తగ్గలేదన్నవి బీరువాల్లో ఉండిపోతే, అందరి ఫలితాలూ కలిపి సగటు తీసేవారికి ఆ పద్ధతి ఉన్నదానికంటే గొప్పగా కనిపిస్తుంది. ఆ సగటును నమ్మి విధానాలు తయారవుతాయి. ఫలితం రాలేదని చెప్పుకోవడానికి యువ పరిశోధకులు పడే టెన్షన్ మనందరికీ తెలుసు. గైడ్లుగా ఉన్న సభ్యులు ఈ విషయంలో వాళ్లకు అండగా నిలబడాలని మనస్ఫూర్తిగా కోరుతున్నాను.

డేటా బయటపెడితే మన పని ఇంకెవరో వాడేసుకుంటారన్న భయం చర్చల్లో పదేపదే వినిపించింది. ఆ భయం అర్థం లేనిది కాదు. థీసిస్ సమర్పించేదాకా ఎవరినీ ఏమీ అడగం. కానీ డేటా పంచుకుంటే జరిగే మేలుకు ఒక ఉదాహరణ చూడండి. సముద్రాల్లో తేలే ఆర్గో పరికరాలు సుమారు 4,000 ఉన్నాయి. ఒక్కొక్కటీ పది రోజులకొకసారి 2,000 మీటర్ల లోతు నుంచి పైకొస్తూ ఉష్ణోగ్రత, లవణీయత కొలుస్తుంది. ఆ వివరాలు ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. ఓడ ఎక్కే అవకాశమే లేని విద్యార్థులు కూడా వాటితో సముద్రపు వేడి మీద పరిశోధన చేయగలుగుతున్నారు. మన సభ్యుల్లోనూ అలాంటివారు ఉన్నారు.

ఫెలోషిప్ ఆలస్యమై ఇబ్బంది పడ్డవారికి సహాయనిధి నుంచి వడ్డీ లేని అప్పు ఇచ్చాం. జమాఖర్చుల పట్టికను నివేదికతో జతచేశాం.

సమావేశంలో రెండు తీర్మానాలు ఓటింగ్‌కు వస్తాయి. మొదటిది, సంఘం ప్రయాణ సహాయం పొందిన ప్రతి ఒక్కరూ థీసిస్ సమర్పించిన ఏడాదిలోగా డేటాను, నోట్‌బుక్ ప్రతిని అప్పగించాలి. రెండోది, వాటిని వేర్వేరు చోట్ల రెండు ప్రతులుగా భద్రపరచడానికి సభ్యత్వ రుసుములో కొంత భాగం విడిగా కేటాయించాలి. సవరణలు ఉంటే సమావేశానికి వారం ముందుగా రాతపూర్వకంగా పంపండి. అప్పగింతకు ఏడాది గడువు మరీ తక్కువని అనుకునేవారు ఎంత కావాలో కూడా రాయండి, దాని మీద చర్చించి ఓటు వేద్దాం.

– కార్యదర్శి, కార్యవర్గం తరఫున