ఆ పేరుతో తిరగాల్సింది పిల్లలు

ఎడిటర్ గారికి,

ఎక్కడా ఎవరికీ లేని పేరే మా బిడ్డకి ఉండాలని తల్లిదండ్రులు పడే తాపత్రయం ఈమధ్య మరీ ఎక్కువైంది. కొత్త పేర్లంటే నాకేం వ్యతిరేకత లేదు, ఒకే క్లాసులో ఒకే పేరుతో ముగ్గురుంటే వచ్చే తికమకా తెలుసు. కానీ పెద్దవాళ్ల సంబరం ఫోటోలు పెట్టి లైకులు చూసుకునే నాలుగు రోజులే, తర్వాత ఆ పేరు మొయ్యాల్సింది పిల్లలే కదా.

హాజరు తీసేటప్పుడు చూడండి. గడగడా పేర్లు చదువుతున్న టీచర్ ఒకచోట టక్కున ఆగుతారు. అలా ఆగారంటే తన వంతు వచ్చిందని ఆ పిల్లకి తెలిసిపోతుంది, ఆయన నోరు తిరక్క తప్పుగా పలికేలోపే చెయ్యెత్తేస్తుంది, అయినా క్లాసంతా వెనక్కి తిరిగి చూడనే చూస్తుంది. రేపు ఇంటర్వ్యూలోనూ, ఫోన్లోనూ ఒక్కో అక్షరం విడమరిచి చెప్పుకోవాలి, పైగా "ఇదేం పేరు?" అంటే జవాబు రెడీగా పెట్టుకోవాలి.

ఇదో పెద్ద విషయమా అనేవాళ్లకి న్యూజిలాండ్‌లో 2008లో బయటికొచ్చిన కేసు గురించి చెప్పాలి. తొమ్మిదేళ్ల అమ్మాయికి 'తలూలా డజ్ ద హులా ఫ్రమ్ హవాయి' (హవాయి నుంచి తలూలా హులా డాన్స్ చేస్తుంది) అని ఏకంగా ఒక వాక్యాన్నే పేరుగా పెట్టారు. ఆ పిల్ల సిగ్గుపడి స్నేహితులకి అసలు పేరే చెప్పలేదు, 'కె' అని పిలిపించుకునేది. చివరికి పేరు మార్పించడం కోసం జడ్జి ఆమెని కోర్టు సంరక్షణలోకి తీసుకోవాల్సి వచ్చింది. సొంత పేరుని దాచుకుని తిరిగిందంటే ఆ పసిదాని టెన్షన్ ఎంతో ఊహించండి, చదివితేనే నాకు మనసు చివుక్కుమంది. ఫ్రాన్స్‌లోనూ 2014లో ఒక జంట పాపకి నుటెల్లా అని, బ్రెడ్డు మీద రాసుకునే చాక్లెట్ క్రీమ్ పేరు, పెడితే, ఎగతాళి పాలవుతుందని జడ్జి ఎల్లా అని మార్చారు. మంచి పని చేశారు.

అలాగని ప్రభుత్వమే పేర్ల లిస్టు పట్టుకుని కూర్చోవడమూ సరికాదు. ఐస్‌లాండ్‌లో ఒకమ్మాయికి తల్లి పెట్టిన పేరు మగవాళ్లదని అధికారులు ఒప్పుకోలేదు, దాంతో సర్కారు కాగితాల్లో ఆమె పేరు ఉండాల్సిన చోట 'అమ్మాయి' అని రాసుకొచ్చారు! పదిహేనేళ్ల వయసులో, 2013లో, కోర్టుకెళ్లి గెలిస్తే గానీ ఆ పేరు దక్కలేదు. స్వీడన్‌లో 1996లో పేర్ల చట్టం మీద కోపంతో తల్లిదండ్రులు కొడుక్కి 43 అక్షరాల, అంకెల పేరు పెట్టబోయారు, దాన్ని 'ఆల్బిన్' అని పలకాలట. అధికారులు ఒప్పుకోలేదు సరే, పెద్దవాళ్ల కొట్లాటలోకి పిల్లాణ్ని లాగడమెందుకు?

పుట్టగానే పేరు పొందడం బిడ్డ హక్కని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలోనే ఉంది. కాబట్టి పేరు నమోదు చేసేవాళ్లు అనుమానం వచ్చినప్పుడు తల్లిదండ్రుల్ని ఇంకోసారి ఆలోచించుకోమని అడగాలి, కొన్నాళ్లు గడువివ్వాలి. ఇక పెద్దయ్యాక ఎవరైనా పేరు మార్చుకుంటానంటే కారణాలు గుచ్చిగుచ్చి అడక్కుండా ఒక్క దరఖాస్తుతో చదువు సర్టిఫికెట్ల నుంచి పాస్‌పోర్టు దాకా అన్నిచోట్లా మారేలా చూడాలి. మీ పత్రిక ఈ విషయం మీద గట్టిగా రాయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు