తమ తప్పు చెప్పగలిగే పిల్లలు కావాలి

సంపాదకులకు నమస్కారం.

మాది గోపాలపట్నం. నేవీ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగా రన్‌వే మాకు దగ్గరే. ప్రభుత్వ హైస్కూల్లో 30 ఏళ్లకు పైగా లెక్కలు చెప్పి రిటైరయ్యాను. పైన విమానం చప్పుడైతే చాలు, పాఠం మధ్యలో పిల్లల తలలన్నీ కిటికీ వైపు తిరిగేవి. ఇప్పటికీ ఇంటికొచ్చి అడిగే తల్లిదండ్రులు ఉన్నారు. “మాస్టారూ, మావాడు ఫైటర్ పైలట్ అవుతానంటున్నాడు. అవుతాడంటారా?” నేను నోరు తెరవకముందే కారణం కూడా వాళ్లే చెప్పేస్తారు. “వాడికి భయమన్నదే లేదండీ. భీమిలి రోడ్డులో బండి ఎంత స్పీడుగా తోలుతాడో!” లేదంటే, “ఇంటర్లో 970 మార్కులండీ.” ఈ రెండూ చూసి పైలట్‌ను తేల్చేయడం మన ఊళ్లో అలవాటైపోయింది. కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు ఆ అలవాటును ఇంకా పెంచుతున్నాయి. అందుకే ఈ ఉత్తరం.

స్పీడు సంగతి ముందు చెప్తాను. నేవీ ఫైటర్ పైలట్‌కు అన్నిటికంటే కష్టమైన పనుల్లో ఒకటి ఓడ మీద దిగడం. మన విశాఖ రన్‌వే పొడవు సుమారు 3 కిలోమీటర్లు. యుద్ధవిమానాలను మోసుకెళ్లే ఐఎన్‌ఎస్ విక్రాంత్ ఓడ మొత్తం పొడవే 262 మీటర్లు. అది కూడా నీళ్ల మీద కదులుతూ, ఊగుతూ ఉంటుంది. దాని మీద దిగే మిగ్-29కే యుద్ధవిమానం తోక కింద ఉండే కొక్కెం, డెక్ మీద అడ్డంగా కట్టిన ఉక్కు తీగల్లో ఒకదాన్ని పట్టుకుంటేనే విమానం ఆగుతుంది. చక్రాలు డెక్‌ను తాకగానే పైలట్ ఇంజిన్ తగ్గించడు, పూర్తిగా పెంచుతాడు. కొక్కెం తీగను అందుకోకపోతే వెంటనే మళ్లీ గాల్లోకి లేవాలి కదా! ఆగాల్సిన చోట ఇంజిన్ పెంచడానికి ఎవరి చెయ్యీ దానంతటది కదలదు. నేర్పినదాన్ని నేర్పినట్టు చేసే మనిషికే అది సాధ్యం. దిగే తీరు సరిగా లేదని ఓడ మీదున్న అధికారి చెప్పిన మరుక్షణం ఆ ప్రయత్నం వదిలేసి చుట్టు తిరిగి రావాలి. ‘ఎలాగైనా దించేస్తాను’ అనే పంతం అక్కడ ప్రాణం తీస్తుంది. ముందున్న లారీని ఎలాగైనా దాటేయాలని బండి తిప్పేసే కుర్రాడిలో నాకు కనిపించేది ఆ పంతమే. దయచేసి దాన్ని ధైర్యమని మెచ్చుకోకండి.

మబ్బు పట్టిన రోజు ఆర్కే బీచ్‌లో నిలబడి చూడండి. సముద్రం ఎక్కడ అయిపోయిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు. పైలట్ ఆ రెండింటి మధ్యలో ఉంటాడు. చెవి లోపల బ్యాలెన్స్ చూసుకునే భాగం అక్కడ మోసం చేస్తుంది. విమానం మెల్లగా ఒక పక్కకు ఒరుగుతున్నా తిన్నగా పోతున్నట్టే అనిపిస్తుంది. అప్పుడు తన ఒంటికి తోచినదాన్ని పక్కన పెట్టి, ఎదురుగా ఉన్న మీటర్లు చూపిస్తున్నదాన్ని నమ్మాలి. అన్నీ నాకే తెలుసనుకునేవాడికి ఇది చాలా కష్టం.

ఇక మార్కులు. ఇంటర్లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి, రాత పరీక్ష గట్టెక్కాలి. అక్కడిదాకా చదువు తీసుకెళ్తుంది. ఆ తర్వాత సైన్యానికి అధికారులను ఎంపిక చేసే బోర్డు, అంటే ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూలు ఐదు రోజులు జరుగుతాయి. మన విశాఖలోనూ నేవీ బోర్డు ఉంది. బొమ్మ చూపించి కథ రాయమంటారు. తాడు, పలక, డ్రమ్ము ఇచ్చి జట్టుగా అడ్డంకి దాటమంటారు. పక్కవాణ్ని కలుపుకుని వెళ్తున్నాడా, మాట వింటున్నాడా, తోచకపోతే ఏం చేస్తున్నాడు అని చూస్తూ ఉంటారు. ఈ బొమ్మలకు కూడా బట్టీ కథలు నేర్పుతున్నారని విని బాధేసింది. పైలట్ల కోసం విడిగా ఇంకో పరీక్ష ఉంటుంది. చేత్తో కర్ర, కాళ్లతో పెడల్స్ కదుపుతూ తెర మీద పారిపోయే చుక్కను మధ్యలో నిలబెట్టాలి. ఈలోగా వెలిగే లైట్లకీ, వచ్చే శబ్దాలకీ స్పందించాలి. జీవితంలో ఒక్కసారే అవకాశం అన్న నియమంతో ఈ పరీక్ష ఏళ్ల తరబడి నడిచింది. దీనికి గైడు పుస్తకం ఏం చేస్తుంది?

ఎయిర్‌ఫోర్స్ గ్రూప్ కెప్టెన్ వరుణ్ సింగ్ గుర్తున్నారా? 2020 అక్టోబరులో ఆయన ఒంటరిగా నడుపుతున్న తేజస్ విమానంలో, చాలా ఎత్తులో ఉండగా మొదట కాక్‌పిట్‌లో గాలి ఒత్తిడి పోయింది, తర్వాత కంట్రోల్ వ్యవస్థ దెబ్బతింది. విమానం వదిలేసి దూకే అవకాశం ఉన్నా అదుపులోకి తెచ్చుకుని క్షేమంగా దించారు. దానికి శౌర్య చక్ర వచ్చింది. 2021 డిసెంబరులో కూనూరు హెలికాప్టర్ ప్రమాదం తర్వాత ఆసుపత్రిలో కన్నుమూశారు. అప్పటి మన చిత్తూరు జిల్లా జవాను సాయితేజను కూడా ఆ ప్రమాదంలోనే పోగొట్టుకున్నాం. ఆ ఏడాది సెప్టెంబరులోనే వరుణ్ సింగ్ తను చదివిన స్కూలుకు ఒక ఉత్తరం రాశారు. తాను సగటు విద్యార్థినేనని, 90లలో మార్కులు రాకపోయినా కుంగిపోవద్దని, మనసుకు నచ్చిన పనిని అంకితభావంతో చేయమని అందులో పిల్లలకు చెప్పారు. ప్రతి జూనియర్ కాలేజీ హాస్టల్లో దాన్ని తెలుగులో చదివి వినిపిస్తే బాగుంటుంది.

మిలటరీ పైలట్ అంటే ఫైటర్ ఒక్కటే కాదు కూడా. బీచ్ రోడ్డు మ్యూజియంలో ఉన్న టీయూ-142 విమానం 29 ఏళ్లు పనిచేసి 2017లో రిటైరైంది. జలాంతర్గాముల కోసం గంటల తరబడి సముద్రాన్ని వెతకడం దాని పని. 30 వేల గంటలు ప్రమాదం లేకుండా ఎగిరిందని నేవీ చెప్తుంది. దాని ముందు సెల్ఫీలు దిగే పిల్లలకు ఆ ఓపిక గురించి ఎవరు చెప్తున్నారు? 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగినప్పుడు నేవీ హెలికాప్టర్లు జనానికి ఆహార పొట్లాలు జారవిడిచాయి. ఇళ్ల మీద, కరెంటు తీగల పక్కన హెలికాప్టర్‌ను కదలకుండా నిలపాలంటే చెయ్యీ మనసూ ఎంత నిదానంగా ఉండాలి!

నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది ఇంకొకటుంది. శిక్షణలో ఎగిరి దిగాక ప్రతిసారీ కూర్చుని ఏం తప్పు జరిగిందో మాట్లాడుకుంటారు. చక్రం గట్టిగా తగిలిందనో, చేయాల్సిన పని ఒకటి మరిచాననో తనే ముందు చెప్పాలి. దాచేస్తే అదే విమానంలో తర్వాత ఎక్కేవాడికి ముప్పు. మరి మన బడుల్లో? తప్పు జవాబు చెప్పిన పిల్లవాణ్ని నిలబెట్టాం, కొట్టాం, అందరిలో పేరు పెట్టి నవ్వించాం. నేనూ చేశాను. తెలియకపోతే తెలియదనడానికి భయపడే పిల్లల్ని తయారుచేసి, వాళ్లలో ధైర్యవంతుల్ని వెతుకుతున్నాం.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. 2025 జులై 3న సబ్ లెఫ్టినెంట్ ఆస్థా పూనియా నేవీ ఫైటర్ విభాగంలోకి అడుగుపెట్టిన మొదటి మహిళగా వింగ్స్ (పైలట్ బ్యాడ్జి) అందుకున్నది ఇక్కడే, మన డేగాలోనే.

ఇంకో సంగతి నా విద్యార్థిది. రెండేళ్లు ఉద్యోగం కూడా చూసుకోకుండా కష్టపడి ఐదు రోజుల ఇంటర్వ్యూలు దాటాడు. మెడికల్‌లో కలర్ బ్లైండ్‌నెస్ ఉందన్నారు. పుట్టుకతో వచ్చేది, మందు లేదు. అన్నేళ్లు నా క్లాసులో కూర్చున్నా నాకు తెలియదు, ఇంట్లోవాళ్లకీ తెలియదు. ఎయిర్‌ఫోర్స్‌లో పైలట్‌కు కనీసం 162.5 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. కాలి పొడవు 99 నుంచి 120 సెంటీమీటర్ల మధ్య ఉండాలి. కాక్‌పిట్‌లో పట్టాలి, పెడల్స్ అందాలి కదా. ఎత్తు సంగతి పెరిగాక గానీ తేలదు. కానీ రంగులు గుర్తించే పరీక్షకు చుక్కల మధ్య అంకెలుండే చిన్న పుస్తకం ఒకటి చాలు, పది నిమిషాల పని.

అందుకని జిల్లా విద్యాశాఖను కోరేది, ప్రభుత్వ హైస్కూళ్లలో 8వ తరగతిలోనే కంటిచూపుతో పాటు రంగుల పరీక్ష కూడా చేయించి ఇంటికి చీటీ పంపమని. తూర్పు నౌకాదళం అధికారులకు నా విన్నపం, విన్యాసాలు చూపించే రోజుల్లో ఒక పూట పైలట్లను మా గోపాలపట్నం, మల్కాపురం, పెందుర్తి బడులకు పంపమని. గెలిచిన కథలు పిల్లలు ఎలాగూ వింటారు. శిక్షణలో తాము చేసిన తప్పులేమిటో, వాటిని ఎవరికి ఎలా చెప్పారో ఆ పైలట్ల నోటే వినిపించండి. ఆ పూట వెనక బెంచీలో టీచర్లు కూడా కూర్చోవాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
గోపాలపట్నం, విశాఖపట్నం